సీసా మీద రాసి ఉన్నది

పదకొండేళ్ళుగా నేనొక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, మూడు మాటలు. చెప్పడానికి ఎంతసేపు పట్టిందో కూడా గుర్తుంది. చేతిలో ఉన్న సీసాని ఇటు నుంచి అటు తిప్పినంతసేపు. ఆ మూడు మాటల వల్ల ఒక ఆడమనిషి మొగుణ్ణి వదిలేసి, బడికెళ్ళే కూతుర్ని వెంటేసుకుని పుట్టింటికి పోయింది. ఎనిమిది నెలలు తిరిగి రాలేదు. విచిత్రమేమిటంటే, ఆ మొగుడూ పెళ్ళాలిద్దరూ ఇవాళ్టికీ నన్ను తమ ఇల్లు నిలబెట్టిన మనిషిగా చూస్తారు.

మీరెవరో నాకు తెలీదు. తెలీకపోవడమే నయం. తెలిసినవాళ్ళకి చెబుదామని చాలాసార్లు నోరు తెరిచాను. తెరిచిన ప్రతిసారీ ఇంకేదో మాట వచ్చింది. అందుకని మీకు చెబుతున్నాను. నా పేరు రాయను, ఊరి పేరూ రాయను. మిగతావాళ్ళ పేర్లు మార్చాను. జరిగింది మాత్రం మార్చను. మార్చడం ఎంత సులువో నాకు తెలుసు, ఒకసారి చేశాను కదా.

నేను బడిపంతులమ్మని. అబద్ధం ఆడరాదు అని పిల్లల చేత కొన్ని వేలసార్లు కాపీ రాయించి ఉంటాను. నవ్వుకోండి, పరవాలేదు.

మా ఊరు గౌతమీ పాయ ఒడ్డున ఉంది. ఏటికి అవతల యానాం. అప్పటికింకా వంతెన లేదు. మనుషులు, సైకిళ్ళు, స్కూటర్లు, అన్నీ పంటు పడవ మీద దాటాల్సిందే. ఇవతల మద్య నిషేధం నడుస్తున్న రోజులు. అవతల యానాం మన రాష్ట్రం కాదు కాబట్టి అక్కడ షాపులు తలుపులు బార్లా తీసుకుని కూర్చునేవి. పొద్దున పంటు ఎక్కేటప్పుడు తిన్నగా నడిచిన మగాళ్ళు సాయంత్రం దిగేటప్పుడు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని దిగేవారు.

అంచేత ఊళ్ళో ఆడవాళ్ళం ఒక కమిటీ పెట్టుకున్నాం. నేను అధ్యక్షురాలిని. చదువుకున్నదాన్నని, గొంతు పెద్దదని నన్ను కూర్చోబెట్టారు. మూడో కారణం ఊళ్ళో ఎవరికీ తెలీదు. మా నాన్న సారా తాగేవాడు. తాగి కొట్టేవాడు. అమ్మ దెబ్బలు తింటూ కూడా ఆయనకి అన్నం పెట్టేది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆయన పోయాడు. అప్పట్నుంచీ నాకొక ప్రశ్న మిగిలిపోయింది. మా అందరికంటే ఆయనకి అంత ఇష్టమైన ఆ వస్తువు ఎలా ఉంటుంది? ఎవర్ని అడుగుతాం ఈ ప్రశ్న?

కమిటీకి రెండు నియమాలు ఉండేవి. తాగుడు మానతానన్నవాడు అరచేతిలో కర్పూరం వెలిగించుకుని, ఆర్పి, ప్రమాణం చెయ్యాలి. ప్రమాణం చేసినవాడు రోజూ పొద్దుగూకేసరికి కమిటీలో ఎవరో ఒకరి అరుగు దగ్గరికొచ్చి నోరు తెరిచి “హా” అనాలి. వాసన చూసి పంపేవాళ్ళం. బయటివాళ్ళు వింటే నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వారు, పదిహేడు ఇళ్ళల్లో మాత్రం దెబ్బల చప్పుడు ఆగింది. ఆ కమిటీ మంచి పనే చేసింది. నేను చేసింది వేరు.

ఆ పదిహేడు మందిలో నూకరాజు ఒకడు. పంటు మీద పని చేసేవాడు. రేవు రాగానే తాడు విసిరి కట్టడం, బల్ల వెయ్యడం, ముసలివాళ్ళని చెయ్యిపట్టి దింపడం అతని పని. రోజుకి పది పన్నెండుసార్లు యానాం రేవులో నిలబడేవాడు. మానెయ్యడం ఎవరికైనా కష్టమే, నూకరాజుకి మరీ కష్టం. అయినా మానేశాడు. ఎందుకంటే పెళ్ళాం సత్యవతి కమిటీ ముందు ఒక్కటే మాట చెప్పింది. కొట్టినా పడతాను, తిట్టినా పడతాను, కర్పూరం ఆర్పి మాట తప్పితే మాత్రం ఉండను అంది. ఆమె మాట అంటే మాటే. వాళ్ళ కూతురు దుర్గ నా దగ్గర మూడో తరగతి చదివేది.

ఇక సీసా సంగతి.

మా ఆయన అప్పుడు గ్యాస్ కోసం బావులు తవ్వే క్యాంపులో టైపిస్టుగా పని చేసేవారు. అక్కడ ఇటలీ నుంచి వచ్చిన ఒక పెద్ద మెకానిక్ ఉండేవాడు. మన కూరల కారానికి ఆయన కడుపు తిరగబడితే మా ఆయన రెండు వారాలు మా ఇంటి నుంచి పెరుగన్నం కేరేజీ పట్టుకెళ్ళారు. పని ముగిసి వెళ్ళిపోతూ ఆయన ఒక ద్రాక్ష వైను సీసా మా ఆయన చేతిలో పెట్టాడట. ఇదేం గొప్పది కాదు, మా ఇంట్లో రోజూ భోజనంలోకి తాగే చౌకరకం, మీ ఆవిడకి కూడా పోసివ్వు అన్నాడట. విదేశీయులకి పర్మిట్ ఉండేది. మనకి లేదు. మా ఆయన దాన్ని ఫైళ్ళ మధ్య పెట్టుకుని ఇంటికి తెచ్చి, “మీ కమిటీకి పట్టివ్వమంటావా?” అన్నారు నవ్వుతూ.

నేను నవ్వలేదు. సీసాని చూస్తూ ఉండిపోయాను. నల్లగా కనపడే ఆకుపచ్చ గాజు, బరువు. దీపం ముందు పెడితే లోపల ఎర్రగా వెలిగింది. కాగితం మీద ఒక మిట్ట, ద్రాక్ష పందిరి బొమ్మ, కింద పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో ఇటాలియా అని ఉంది.

ఆదివారం మధ్యాహ్నం తలుపులు వేశాం. మామిడికాయ వేసి రొయ్యలు వండాను. సీసా మూతిలో బెండు తియ్యడం ఎలాగో మా ఇద్దరికీ తెలీదు. చాకుతో పొడిచాం, ముక్కలైంది. చివరికి పప్పుగుత్తి కర్రతో లోపలికి నెట్టేశాం. చివ్వున చిమ్మి ఆయన బనీను మీద పడింది. ఇద్దరం స్టీలు గ్లాసుల్లో రెండేసి వేళ్ళు పోసుకున్నాం.

ముందు వాసన చూశాను. రోజూ చేసే పని కదా. సారా వాసన కోసం వెతికాను, ఆ కుళ్ళు వాసన, మా నాన్న చొక్కా వాసన. లేదు. తొలకరికి తడిసిన మట్టి, పండిన నేరేళ్ళు, ఎక్కడో లవంగం.

తీపిగా ఉంటుందనుకున్నాను. ద్రాక్ష అన్నారు కదా. చిన్నప్పుడు జ్వరం వస్తే మందుల షాపులో ద్రాక్షారిష్టం తెచ్చి పోసేవారు, అలా ఉంటుందనుకున్నాను. మొదటి గుక్క నోట్లో పడగానే మొహం వికారంగా పెట్టాను. పులుపు, ఆ వెనకే వగరు. దోరనేరేడు కొరికితే నాలుక మీద నూలుగుడ్డ పరిచినట్టు అవుతుందే, అదే వగరు. మా ఆయన గ్లాసులో రెండు చెంచాలు పంచదార వేసి కలుపుకుని, ఇప్పుడు బాగుంది అన్నారు. నేను వెయ్యలేదు. ఒక రొయ్య తిని, మళ్ళీ ఒక గుక్క తాగాను. ఆశ్చర్యం, వగరు వెనక్కి తగ్గింది. మామిడికాయ పులుపు, దీని పులుపు ఒకదానికొకటి సర్దుకున్నాయి. మూడో గుక్కకి గొంతులో వెచ్చగా ఉంది. నాలుగో గుక్క కావాలనిపించింది.

నాకు నచ్చింది. ఇది కూడా ఒప్పుకోలులో భాగమే కాబట్టి రాస్తున్నాను. నచ్చింది, బాగుంది, ఏడుపొచ్చింది. అన్నంతో పాటు తాగే దినుసు, పెళ్ళాం ముందు కూర్చుని తాగే దినుసు, తాగి ఎవర్నీ కొట్టక్కర్లేని దినుసు లోకంలో ఉందన్నమాట. మా నాన్నకి ఇది ఎవరైనా ఇచ్చి ఉంటే మాత్రం ఆయన మారేవాడా? ఏమో. మారేవాడు కాదేమో. కానీ ఆ మధ్యాహ్నం మొదటిసారి ఆయన మీద కోపం లేకుండా ఆయన గురించి ఆలోచించాను. తాగడం తప్పని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. అక్కడితో ఆగి ఉంటే మీకు ఈ కాగితాలు ఉండేవి కావు.

ఆ సాయంత్రమే నూకరాజు అరుగు దగ్గరికి వచ్చాడు. నేను అప్పటికే నాలుగు యాలక్కాయలు నమిలి, తమలపాకు వేసుకుని ఉన్నాను. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళాను. అతను బుద్ధిగా చేతులు కట్టుకుని “హా” అన్నాడు. బీడీ వాసన, ఉల్లిపాయ వాసన. సరే వెళ్ళు అన్నాను. ఆ రోజు “హా” అనాల్సింది నేను.

మిగిలిన సగం ఇంకో రెండు రోజులు తాగాం. మూడో రోజుకి అడుగున ఉన్నది పులిసిపోయింది, పారబోశాను. సీసాని ఏం చెయ్యాలి? చెత్తలో వేస్తే ఊడ్చే మనిషి చూస్తుంది. పెరట్లో పాతిపెడితే కుక్కలు తవ్వుతాయి. పేపర్లో చుట్టి, గుడ్డసంచిలో పెట్టుకుని, బడికి వెళ్తూ కాలవ గట్టున తుంగలోకి విసిరేశాను. అంత చదువుకున్నదాన్ని, దాని మీది కాగితం చింపెయ్యాలని తోచలేదు.

పది రోజులు గడిచాయి. ఒక సాయంత్రం బడి వదిలాక అరుగు మీద కాపీలు దిద్దుకుంటున్నాను. సత్యవతి వచ్చింది. వెనక అప్పాయమ్మ గారు, ఆవిడ కమిటీలో నా తర్వాతి మనిషి, ఆవిడ వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. అందరికంటే వెనక నూకరాజు. సత్యవతి చేతిలో నా సీసా ఉంది. సగానికి కొబ్బరినూనె పోసి ఉంది.

“కాలవ గట్టున దొరికిందంటాడండి టీచర్ గారూ,” అంది సత్యవతి. “నూనెకి బాగుంటుందని కడిగి తెచ్చాడంట. నేను నమ్మాను. అప్పాయమ్మ గారు చూసి ఇది బ్రాందీ సీసా అన్నారు.”

“యానాం సీసా కాకపోతే మన కాలవలో ఎక్కడ మొలుస్తుందే?” అంది అప్పాయమ్మ గారు. “పరాయి భాష చూడు దానిమీద. యానాంలో దొరలుండేవాళ్ళు గదా, వాళ్ళ అచ్చరాలే.”

నూకరాజు ముందుకొచ్చాడు. “నేను తాగలేదండి. రోజూ మీరే చూత్తన్నారు గదండీ.”

“యాలక్కాయలు నమిలొస్తే ఎవరికి తెలుస్తాది?” అంది అప్పాయమ్మ గారు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి నా నోటి మీదికి పోయింది.

సత్యవతి సీసా నా చేతికిచ్చింది. “మీరు చదవండి టీచర్ గారూ. మాకు రాదు. ఇది యానాందా కాదా? మీరు ఏం చెప్తే అదేనండి.”

చూశారా, దొంగ చేతికే తాళాలు ఇచ్చింది. సీసా తిప్పాను. ఇటాలియా అని అంతంత అక్షరాలు. చదివితే చాలు. నేను తాగానని కూడా చెప్పక్కర్లేదు. ఇది ఇటలీది, యానాంది కాదు అంటే సరిపోయేది. కానీ ఇటలీ మనిషి ఉన్న క్యాంపులో పని చేసేది ఊరు మొత్తానికి మా ఆయన ఒక్కడే. అప్పాయమ్మ గారికి అంత లెక్క కట్టడానికి రెండు నిమిషాలు చాలు. ఇదంతా అనుకున్నానా? ఇప్పుడు రాస్తుంటే అనుకున్నట్టు ఉంది. అప్పుడు మాత్రం మెడలోంచి చెవుల్లోకి వేడి పాకడం ఒక్కటే తెలుసు. నూకరాజు వంక చూశాను. అతను నా వంకే చూస్తున్నాడు, ధైర్యంగా. టీచర్ గారు చదువుతారు, నేను బయటపడతాను అన్న ధైర్యం.

“ఇది యానాం సరుకే,” అన్నాను.

సత్యవతి సీసా తీసుకుని, నూనెంతా అరుగు పక్కన ఇసకలో వంపేసి, ఖాళీ సీసా నూకరాజు కాళ్ళ దగ్గర పెట్టింది. మర్నాడు పొద్దున్న మొదటి పంటుకి, అతనే బల్ల వేసిన పంటుకి, కూతుర్ని తీసుకుని అవతలి ఒడ్డు మీదుగా పుట్టింటికి వెళ్ళిపోయింది. బల్ల మీద కూతురి చెయ్యి పట్టుకుని దాటించింది అతనేనట.

బళ్ళో హాజరు పిలుస్తుంటే దుర్గ పేరు దగ్గర రోజూ ఆగేదాన్ని. పేరు కొట్టెయ్యాలి, కొట్టెయ్యలేదు. నెలాఖరుకి హెడ్మాస్టరు గారే కొట్టేశారు.

మా ఆయనకి అదే సాయంత్రం చెప్పాను. “ఇప్పుడు వెళ్ళి నిజం చెప్పేద్దాం పద,” అన్నారు. వద్దన్నాను. కమిటీ కూలిపోతుంది అన్నాను. అధ్యక్షురాలే తాగిందంటే మిగతా పదహారు మంది మళ్ళీ మొదలెడతారు, పదహారు ఇళ్ళు మునుగుతాయి అన్నాను. ఎంత బాగా చెప్పానో! అందులో నిజం కూడా ఉంది. అదే దాని విషం. పదహారు ఇళ్ళ కోసం ఒక ఇల్లు అని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నప్పుడు, ఆ ఒక్క ఇల్లు నాదెందుకు కాకూడదు అని మాత్రం అడగలేదు. ఆయన “నీ ఇష్టం” అన్నారు. ఆ తర్వాత కమిటీ గురించి ఇంట్లో ఎప్పుడూ జోకు వెయ్యలేదు.

నూకరాజు మళ్ళీ తాగుతాడని అందరం ఎదురుచూశాం. నేనైతే, సిగ్గు విడిచి రాస్తున్నాను, తాగాలని కోరుకున్నాను. తాగితే నా అబద్ధం కొంచెమైనా నిజమవుతుంది కదా. అతను తాగలేదు. రోజూ పంటు కట్టేశాక తిన్నగా మా అరుగు దగ్గరికే వచ్చేవాడు. వేరే ఎవరి దగ్గరికీ వెళ్ళేవాడు కాదు. “ఊరందరూ నమ్మకపోయినా మీరు చూత్తే చాలండి,” అనేవాడు. చేతులు కట్టుకుని “హా” అనేవాడు. బీడీ మానేశాడు, ఆ వాసన కూడా అడ్డం ఉండకూడదని. ఎనిమిది నెలలు, వానలో కూడా, ప్రతి సాయంత్రం ఆ మనిషి ఊపిరి నా మొహానికి తగిలేది. తేలు కుట్టిన దొంగలా నిలబడి వాసన చూసేదాన్ని. దానికంటే పెద్ద శిక్ష ఎవరూ వెయ్యలేరు. అయినా నిజం చెప్పలేదు చూడండి. మనిషి శిక్షకైనా అలవాటు పడుతుంది గానీ పరువు పోవడానికి ఒప్పుకోదు.

ఎనిమిదో నెలలో నేనే సత్యవతి పుట్టింటికి వెళ్ళాను. పంటు మీద దాటి, బస్సెక్కి. కమిటీ తరఫున చెబుతున్నాను, నీ మొగుడు ఇన్ని రోజులుగా చుక్క ముట్టలేదు, నా పూచీ, రా అన్నాను. ఒక్క తప్పు చేశాడు, దిద్దుకున్నాడు అన్నాను. విన్నారా ఆ మాట? అతను చెయ్యని తప్పుని అతనికే మళ్ళీ అంటగట్టి, క్షమించమని బతిమాలాను. సత్యవతి కళ్ళు తుడుచుకుని, “మీరు చెప్పారని వస్తన్నానండి,” అంది.

ఊళ్ళో నన్ను మెచ్చుకోనివాళ్ళు లేరు. విడిపోయిన కాపురం కలిపిన టీచరమ్మ అన్నారు. ఆ వేసవి నుంచి ఏటా మొదటి తాటిముంజలు మా ఇంటికే వచ్చేవి. నూకరాజే గెల దింపి, చెక్కి, ఆకులో చుట్టి తెచ్చేవాడు. నేను ఒక్కటి కూడా తినలేదు. మా ఆయన కూడా తినలేదు. బడిపిల్లలకి పంచేదాన్ని.

తర్వాత నిషేధం ఎత్తేశారు. కమిటీ దానంతటదే చెదిరిపోయింది. వంతెన కట్టారు, పంటు పోయింది. కమిటీ పోతే ఇక దేన్ని కాపాడాలని నోరు మూసుకున్నాను? పదహారు ఇళ్ళ సాకు కూడా నీళ్ళలో కలిసింది. అయినా మూసుకునే ఉన్నాను. అప్పుడు అర్థమైంది, కాపాడుకున్నది మొదట్నుంచీ నన్నే.

ఇక్కడిదాకా రాసి ఆపాను. నాలుగు రోజులు కలం పట్టుకోలేదు.

ఎందుకంటే పై వాక్యం రాశాక మీకు చెప్పడం కూడా ఒక దాక్కోవడమే అనిపించింది. మీరు నాకేమవుతారు? మీరు అయ్యో అనుకుంటే నాకేం వస్తుంది, ఛీ అనుకుంటే నాకేం పోతుంది? ఈ మాటలు రావాల్సిన గుమ్మం వేరే ఉంది. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదు. నిన్న పొద్దున్న మా ఆయనతో చెప్పాను, వెళ్తున్నాను అని. తోడు రమ్మంటావా అన్నారు. వద్దన్నాను. చెప్పులు మాత్రం ఆయనే తెచ్చి గుమ్మంలో పెట్టారు.

నూకరాజు, సత్యవతి ఇప్పుడు వంతెన మొదట్లో టిఫిను బడ్డీ నడుపుతున్నారు. ఆమె పెసరట్లు వేస్తుంది, అతను టీ కాస్తాడు, ప్లేట్లు కడుగుతాడు. దుర్గ కాకినాడలో నర్సింగు చదువుతోంది. పదిన్నర దాటాక బేరం పలచబడే వేళ చూసి వెళ్ళాను. బెంచీ తుడిచి కూర్చోమన్నారు. కూర్చుంటే మళ్ళీ ఇంకేదో మాట్లాడతానని నిలబడే చెప్పాను.

ఎలా చెప్పానో నాకే తెలీదు. ఒక వరసలో రాలేదు. ముందు సీసా మాదే అన్నాను. తర్వాత తాగింది నేనే అన్నాను. కాలవలో పారేసింది నేనే, తెలిసే అబద్ధం చెప్పాను అన్నాను. అరుగు మీద ఎనిమిది నెలలు వాసన చూసినప్పుడు కూడా నాకు తెలుసు అన్నాను. నీ పుట్టింటికి వచ్చి పిలిచినప్పుడు కూడా తెలుసు అన్నాను. సత్యవతి అట్లకాడ పట్టుకుని అలాగే వింది. పెనం మీద అట్టు మాడిపోయింది.

“అయితే దానిమీద ఏం రాసుందండి?” అంది చివరికి.

“ఇటలీ అని ఉంది.”

“ఇటలీ,” అంది తనలో తాను. ఆ ఊరు ఎక్కడుందో ఆమెకు తెలుసో తెలీదో. పెనం దించింది. స్టవ్ ఆర్పింది. వెనక బకెట్టు దగ్గర గ్లాసులు కడుగుతున్న నూకరాజు వైపు తిరిగింది. అతను అన్నీ విన్నాడు, తల ఎత్తలేదు.

“ఏమయ్యా,” అంది. “నువ్వు తాగలేదంట.”

అతను ఇంకో గ్లాసు కడిగి బోర్లించాడు. “నేనప్పుడే చెప్పాను గదే.”

“చెప్పావు.” ఆమె అట్లకాడ పెనం పక్కన పెట్టింది. “నేనే ఇన్లేదు.”

నా వంక ఇద్దరూ చూడలేదు. ఆ కాసేపు నేనక్కడ లేనట్టే. తిడతారని ఎదురుచూశాను. ఒక్క తిట్టు తిడితే బాగుండునని కూడా అనిపించింది. నూకరాజు లేచి తువ్వాలుకి చేతులు తుడుచుకుని వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు, అంతే.

సత్యవతి మొహం తుడుచుకుని నాతో అంది. “ఆ రోజు ఉన్నోళ్ళందరికీ మీరే చెప్పండి టీచర్ గారూ. అప్పాయమ్మ గారికి ముందు చెప్పండి. నేను చెప్తే ఆవిడ నమ్మదు.”

“ఇప్పుడే వెళ్తాను,” అన్నాను.

“ఎళ్ళండి. మేం మాట్లాడుకోవాలి.”

క్షమించామని అనలేదు. నేనూ అడగలేదు. అడిగి ఉంటే మళ్ళీ నా కోసం వాళ్ళ దగ్గర ఇంకోటి తీసుకున్నట్టయ్యేది. వాళ్ళది వాళ్ళకి ఇచ్చేసి వచ్చాను, పదకొండేళ్ళు ఆలస్యంగా. ఒళ్ళంతా జ్వరం దిగినట్టు తేలిగ్గా ఉంది. అప్పాయమ్మ గారింటికి వెళ్ళే మలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాను. ఇద్దరు ముగ్గురు టిఫినుకి వచ్చి బయట నిలబడి ఉన్నారు. బడ్డీకి తడిక దించేసి ఉంది, పదకొండు కూడా కాకుండానే.